గాడిపొయ్యి దగ్గర విరాటపర్వం

పగ ఉండాలి, పెళ్లి ఉండాలి, వంట ఉండాలి, పాతకాలపు రాజుల కథ అయివుండాలి, చదువుతుంటే వెన్నులోంచి వణుకు రావాలి. అలాంటి నవల ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా మహాభారతంలోని విరాటపర్వం అంటాను. అది నవల కాదు కదా అంటారు. నిజమే, 13వ శతాబ్దంలో నెల్లూరు తిక్కన దాన్ని పద్యాల్లోనూ వచనంలోనూ కలిపి రాశారు. కానీ ఆ ఐదు ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు, ఒక్కసారి వరసగా చదివి చూడండి. మారుపేర్లతో దాక్కున్న ఒక కుటుంబం, పాండవులూ ద్రౌపదీ, ఏడాది లోపల ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి, వాళ్ల ఆయుధాలేమో ఊరి బయట శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద శవంలా మూటగట్టి వేలాడుతున్నాయి, ఆ శవం కంపు కొడుతుందని ఎవరూ దగ్గరికి రారు. మొదలే ఇలా ఉంటే ఇంక పుస్తకం కింద పెట్టగలమా? నా మటుకు ఇంతకంటే భయపెట్టిన కథ తెలుగులో ఇంకోటి లేదు, ఇంతకంటే వంటింటి వాసన వచ్చే కథ కూడా ఇంకోటి లేదు.

వంటింటి వాసన అని ఊరికే అనలేదు. నేను ఈ కథ మొదట విన్నది పుస్తకంలోంచి కాదు, పెళ్లిళ్లలో, గాడిపొయ్యి పక్కన, మా తాతయ్య నోట. మా తాతయ్య కోనసీమలో పెళ్లివంటలు చేసేవారు. అంబాజీపేట, అమలాపురం, ముమ్మిడివరం, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా పురోహితుడి తర్వాత కబురు వచ్చేది మా ఇంటికే. 1980ల మొదట్లో సంగతి ఇది. అప్పటికి ఫంక్షన్ హాళ్లు మా వైపు ఇంకా అంతగా రాలేదు, పెళ్లంటే ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి, పెరట్లో వంట. వేసవి సెలవుల్లో తాతయ్య నన్ను కూడా తీసుకెళ్లేవారు. ఆడపిల్లని అర్ధరాత్రి దాకా పొయ్యిల దగ్గర కూర్చోబెడతారేంటని నాయనమ్మ సణిగేది గానీ ఆపేది కాదు.

పెళ్లివంటలో అసలు పని ముహూర్తం రోజుది కాదు, ముందు రాత్రిది. పెరట్లో నిడివిగా గాడి తవ్వి, రెండు పక్కలా ఇటుకలు పేర్చి, దాని మీద గుండిగలు వరసగా కూర్చునేలా చదును చేసేవారు. చింతమొద్దులూ సరుగుడు కర్రలూ ఒకవైపు, కొబ్బరి డొక్కలు ఇంకోవైపు పోగుపడేవి. పెట్రోమాక్స్ లైటు వెలిగించి చెట్టుకొమ్మకి కట్టేవారు. దాని కింద కత్తిపీటలు వేసుకుని అయిదారుగురు ఆడవాళ్లు కూరలు తరగడానికి కూర్చునేవారు. గుమ్మడికాయలు, కంద, వంకాయలు, అరటికాయలు, కొండలా పోసివున్న కొబ్బరికాయలు. ఆ పని తెల్లారేదాకా సాగుతుంది. నిద్ర ముంచుకొస్తే కత్తిపీట దగ్గర వేళ్లు తెగుతాయి. అందుకని తాతయ్య కథ చెప్పేవారు. పెళ్లింట్లో చెప్పే కథ కదా, సీతారామ కల్యాణమో రుక్మిణీ కల్యాణమో చెప్పొచ్చు. చెప్పేవారు కాదు. ఆయన ఎప్పుడూ ఎత్తుకునేది విరాటపర్వమే. హరికథలు విని, రామాలయంలో పురాణ కాలక్షేపాలు విని, తిక్కన పద్యాలు కొన్ని కంఠతా పట్టి, మిగిలింది తన మాటల్లో అల్లుకుని చెప్పేవారు.

కథ ఎక్కడ మొదలయ్యేదంటే, విరటుడి కొలువులోకి భీముడు వచ్చే చోట. నల్లబట్టలు కట్టుకుని, చేతిలో గరిటె, తెడ్డు, ఒర లేని కత్తి పట్టుకుని వస్తాడు. పేరు వలలుడు, వృత్తి వంట, ఇదివరకు ధర్మరాజు గారింట్లో వండాను అంటాడు. విరటుడు నమ్మడు, నిన్ను చూస్తే వంటవాడిలా లేవయ్యా, ఏనుగునెక్కి యుద్ధానికి వెళ్లేవాడిలా ఉన్నావు అంటాడు. ఇక్కడ తాతయ్య ఆగి తన సంచీ వైపు చెయ్యి చూపించేవారు. ఆ సంచీలో ఆయన కత్తి, ఆయన అట్లకాడ, ఆయన జల్లిగరిటె ఉండేవి, ఏ పెళ్లికెళ్లినా అవే. “పనివాడు తన కత్తి తనే తెచ్చుకుంటాడు. విరటుడికి ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఇంకేం అడగక్కర్లేదు” అనేవారు.

ఆ కత్తితో ఆయన స్వయంగా చేసే పని ఒకటే, పనసపొట్టు కొట్టడం. దాన్ని వేరేవాళ్ల చేతికి ఇచ్చేవారు కాదు. మా వైపు పెళ్లిలో పనసపొట్టు కూర లేకపోతే మగపెళ్లివారు ఆ మాట పదేళ్లు చెప్పుకుంటారు. ముదరని లేతకాయ తీసుకుని, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్ల చెక్కు మందంగా చెక్కేసి, జిగురు తుడిచి, కాయని పీట మీద నిలబెట్టి, ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో టకటకా కత్తి వేసేవారు. ముందు గాట్లు, తర్వాత ఆ గాట్ల మీద అడ్డంగా కోత, పొట్టు రవ్వరవ్వగా కింద పరిచిన గుడ్డ మీద రాలేది. కథ నడుస్తున్నంతసేపూ ఆ చప్పుడు నడిచేది. మామూలు చోట్ల నెమ్మదిగా, యుద్ధం వచ్చినప్పుడు వేగంగా. ఆ పొట్టు ఉడికించి, నీళ్లు పిండేసి, ఇంగువా ఎండుమిరపకాయలూ మినప్పప్పూ జీడిపప్పూ వేసిన పోపులో చింతపండు పులుసుతో మగ్గించి, దించి, బాగా చల్లారాక ఆవ పెట్టాలి. వేడి మీద ఆవ పెడితే చేదెక్కుతుంది. ఈ చల్లార్చడం గురించి ఆయన చెప్పే జాగ్రత్తలూ భీముడు కోపాన్ని ఆపుకోవడం గురించి చెప్పే మాటలూ నా బుర్రలో ఎలా కలిసిపోయాయంటే, ఇప్పటికీ ఆ కూర చేసేటప్పుడు నాకు కీచకుడే గుర్తొస్తాడు.

కీచకుడు వచ్చేసరికి కత్తిపీటల దగ్గర మాటలు ఆగిపోయేవి. రాణి సుధేష్ణకి తమ్ముడు, రాజ్యానికి సేనాని, అసలు రాజ్యమే అతని భుజాల మీద ఉంది. అలాంటివాడి కన్ను సైరంధ్రి మీద, అంటే మారుపేరుతో ఉన్న ద్రౌపది మీద పడింది. పూలు కట్టి, గంధం తీసి, రాణికి జడవేసే పనిమనిషి ఆవిడ. రాణికి సంగతంతా తెలుసు. తెలిసే, మద్యం తెమ్మనే నెపం పెట్టి ఆవిణ్ని తమ్ముడి ఇంటికి పంపుతుంది. ఈ ఘట్టంలో తాతయ్య సుధేష్ణని కీచకుడికంటే ఎక్కువ తిట్టేవారు. తోడబుట్టినవాడి బలానికి భయపడి ఇంట్లో పనిచేసే ఆడదాన్ని వాడి గుమ్మంలోకి తోసిన మనిషి అని. ఆయన మాటే నాకూ సరైందనిపిస్తుంది. కీచకుణ్ని చంపారు, సుధేష్ణకి మాత్రం చివర్లో కూతురి పెళ్లి, వియ్యపురాలి మర్యాదలు దక్కాయి, ఇది నాకు చిన్నప్పుడు అస్సలు మింగుడుపడేది కాదు, ఇప్పుడూ పడదు.

ఆవిడ తప్పించుకుని సభలోకి పరిగెత్తుతుంది. అతను వెంటపడి వచ్చి, రాజు చూస్తుండగానే, నిండుకొలువులో కాలితో తంతాడు. విరటుడు నోరెత్తడు. ఆ సభలోనే ధర్మరాజు కంకుభట్టు వేషంలో ఉన్నాడు. భీముడూ ఉన్నాడు. భీముడి చూపు పక్కనే ఉన్న పెద్ద చెట్టు మీదికి పోతుంది, దాన్ని పీకి ఆ సభనంతా మోది చంపేద్దామని. అప్పుడు ధర్మరాజు అంటాడు, వలలా, ఆ చెట్టెందుకు చూస్తున్నావు, కాయలూ పళ్లూ కొమ్మలూ నీడా ఉన్న చెట్టు, వంటకట్టెల కోసం దాన్ని నరుకుతారా ఎవరైనా, కట్టెలే కావాలంటే బయటికెళ్లి వేరే చెట్టు చూసుకో అని.

ఎంత మాట! పెళ్లాం నేల మీద పడివుంది, నోట్లోంచి రక్తం వస్తోంది, ఇద్దరు మొగుళ్లు పక్కనే ఉన్నారు, వాళ్లు మాట్లాడుకోగలిగింది వంటచెరకు గురించి మాత్రమే. వినేవాళ్లకి అది యజమాని వంటవాడికి చెప్పే మామూలు మాట. తిక్కన పద్యంలో ఇది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. తాతయ్య ఈ పద్యం గొంతెత్తి పాడేవారు కాదు, మామూలుగా, గుండిగ కింద మంట తగ్గించమని మనిషికి చెప్పినట్టు చెప్పేవారు, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడేవారు కాదు. అవతల గాడిలో చింతమొద్దు చిటపటమంటూ ఉండేది.

“మరి ధర్మరాజుకి కోపం రాలేదా తాతయ్యా?” అని అడిగేదాన్ని ప్రతిసారీ, జవాబు తెలిసినా.

“వచ్చింది అమ్మలూ. చెమట పట్టింది మొహమంతా. కానీ బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు. ఇంకొన్ని రోజులే ఉన్నాయి కదా అని లెక్క చూసుకున్నాడు.”

“ఆయన లెక్క ఆయనదే, తన్నులు తిన్నది ఆవిడ” అనేది కంద చెక్కుతున్న అత్త. ఆవిడ మాకు చుట్టం కాదు, తాతయ్య జట్టులో మొదటినుంచీ ఉన్న మనిషి, ఊళ్లో పెద్దా చిన్నా అందరూ ఆవిణ్ని అత్తా అనే పిలిచేవాళ్లం. తాతయ్యని గురువుగారూ అనేది. కథ మధ్యలో ఆయన్ని నిలదీసే హక్కు ఆవిడ ఒక్కదానికే ఉండేది.

ఆ రాత్రి ద్రౌపది వంటింటికి వెళ్తుంది. నాకు ఈ కథలో ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఊరంతా నిద్రపోతుంది, ఆవిడ స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, ఒక్కతే చీకట్లో నడుచుకుంటూ విరటుడి వంటశాలకి వచ్చి, నిద్రపోతున్న భీముణ్ని లేపుతుంది. నీ పెళ్లాన్ని తన్నినవాడు బతికే ఉన్నాడు, నీకు నిద్రెలా పడుతోంది అని.

“ఐదుగురు మొగుళ్లుండి అర్ధరాత్రి వంటింటికి రావాల్సొచ్చిందా గురువుగారూ?” అనేది అత్త.

“ఇంకెక్కడికెళ్తుందే? ఒకాయన రాజుగారి పక్కన కూచుని పాచికలాడుతున్నాడు. ఒకాయన ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాడు. కవలలు గుర్రాల దగ్గరొకడు, ఆవుల దగ్గరొకడు. రాత్రిపూట నిప్పు ఆరకుండా ఉండేది వంటశాల ఒక్కటేగా” అనేవారు తాతయ్య.

అక్కడ ఆవిడ చెప్పుకున్న కష్టాలు చాలా ఉన్నాయి. వలలుడు అంతఃపురం ముందు సింహాలతోనూ పులులతోనూ పోరాడుతుంటే తన మొహం వాడిపోయేదట, అది చూసి రాణీ ఆవిడ చెలికత్తెలూ, ఈ సైరంధ్రికి వంటవాడి మీద మనసుందని గుసగుసలాడేవారట. సొంత మొగుడి మీద మనసుందని నింద పడడం, దాన్ని కాదనలేకపోవడం! అన్నీ చెప్పి చివరికి ఆవిడ తన అరచేతులు చూపిస్తుంది. కుంతికి తప్ప ఇంకెవరికీ, తన కోసం కూడా, గంధం తీసి ఎరగని చేతులు, సుధేష్ణకి గంధం తీసి తీసి కాయలు కాసిపోయాయి. భీముడు ఆ చేతులు తీసుకుని తన మొహానికి ఆనించుకుని ఏడుస్తాడు. హిడింబుణ్నీ బకుణ్నీ చంపిన భీముడు. పనిచేసి పనిచేసి మొద్దుబారిన చేతులు చూసి ఏడుస్తాడు.

ఈ మాట వచ్చినప్పుడు కత్తిపీటల దగ్గరున్న ఆడవాళ్లు తమ చేతులకేసి చూసుకోవడం నేను చూశాను. కంద దురద, పనస జిగురు, వంకాయ నలుపు, కొబ్బరి కోరిన వేళ్లు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అత్త మాత్రం ముక్కు చీదుకుని “ఆ, తర్వాత?” అనేది.

తర్వాత అంతా వాళ్లిద్దరి పథకమే. పొద్దున రాజుగారి కూతురు ఉత్తర వాళ్లు ఆటలు నేర్చుకునే నర్తనశాల రాత్రిపూట ఖాళీగా ఉంటుంది. అక్కడికి రమ్మని కీచకుడితో నువ్వే చెప్పు అంటాడు భీముడు. నూనె గిన్నెల దగ్గర దీపం వెలుతురు తగ్గేటప్పటికి సరిగ్గా కథ ఇక్కడికి వచ్చేది, అది కావాలని చేసేవారో ఏమో తెలీదు. కటిక చీకటి. పట్టెమంచం. ముసుగు తన్ని పడుకున్న మనిషి. అలంకరించుకుని, పూలు పెట్టుకుని, తన అందాన్ని తనే పొగుడుకుంటూ కీచకుడు లోపలికి వచ్చి, మంచం మీది మనిషి మీద చెయ్యి వేస్తాడు. తాతయ్య ఇక్కడ ఒక్క క్షణం ఆపేవారు. పనసపొట్టు చప్పుడు కూడా ఆగేది. నేను అత్త కొంగు పట్టుకునేదాన్ని.

ఆ పోరాటమంతా చప్పుడు లేకుండా జరగాలి. ఇద్దరికీ బయటపడకూడని కారణాలున్నాయి. ఒకడికి పరువు, ఇంకొకడికి అజ్ఞాతవాసం. అరుపుల్లేని కొట్లాట, గోడలు అదురుతున్నాయి, నోళ్లు మాత్రం మూతపడివున్నాయి. చివరికి భీముడు అతని కాళ్లూ చేతులూ తలా మొండెంలోకి కుక్కేసి ముద్ద చేసి పారేస్తాడు, నిప్పు వెలిగించి ద్రౌపదికి చూపిస్తాడు. పొద్దున కాపలావాళ్లు వచ్చి చూసి తల ఏది, చేతులేవి, కాళ్లేవి అని వెతుక్కుంటారు. అంత పనీ చేసి భీముడు ఎక్కడికి వెళ్లాడనుకున్నారు? తిన్నగా వంటశాలకే వెళ్లాడు. భారతంలో ఉంది ఈ మాట. ఎవరికైనా అనుమానం వస్తుందా, రాజుగారి సేనానిని చంపినవాడు తెల్లారి రాజుగారి పప్పు వండుతుంటాడని?

ఇక్కడ తాతయ్యకి ఒక పట్టింపు ఉండేది. భీముడు నూతి దగ్గర స్నానం చేసి, బట్టలు తడిపి, అప్పుడే వంటింట్లో అడుగుపెట్టాడని గట్టిగా చెప్పేవారు. ఒకసారి పెళ్లికి వచ్చిన హరిదాసుగారు ఒకాయన, అంత అర్ధరాత్రి స్నానమెక్కడండీ, కథలో లేనిది కల్పించకండి అన్నారట, దాని మీద పెద్ద వాదన జరిగింది. “పొయ్యి దగ్గరికి నెత్తుటి చేతుల్తో పోయేవాడు వంటవాడే కాడు, వాడు ఎంత భీముడైతే మాత్రం” అని తాతయ్య తెగేసి చెప్పారు. ఆ తర్వాత ఆయన కథలో ఆ స్నానం ఇంకా నిడివి పెరిగింది, చేద ఎంత లోతుకి దిగిందో కూడా చెప్పేవారు.

అసలు భయం ఆ తర్వాత. కీచకుడి తమ్ముళ్లు నూట అయిదుగురు, ఉపకీచకులు, అన్న చావుకి కారణం ఈ ఆడదే కాబట్టి అన్నతోపాటు దీన్నీ తగలబెడదామని ద్రౌపదిని శవానికి కట్టి శ్మశానానికి మోసుకుపోతారు. విరటుడు దానికీ సరే అన్నాడు. అవును, సరే అన్నాడు! ఆవిడ దారిపొడుగునా తన మొగుళ్ల రహస్యం పేర్లు పెట్టి అరుస్తుంది, జయా, జయంతా, విజయా, జయత్సేనా, జయద్బలా అని. తాతయ్య ఆ అయిదు పేర్లూ గొంతు పెంచుకుంటూ పిలిచేవారు, పందిరి అవతల కొబ్బరితోటలోని చీకట్లోకి చూస్తూ. నేను ఆ వైపు చూడలేకపోయేదాన్ని. వంటశాలలో ఉన్న భీముడికి ఆ కేక వినిపిస్తుంది. ప్రాకారం దూకి, శ్మశానం దగ్గర ఒక చెట్టు పెళ్లగించి, భుజాన వేసుకుని వస్తాడు.

“చెట్టు!” అనేవారు తాతయ్య. “ధర్మరాజు ఏం చెప్పాడు? కట్టెలు కావాలంటే బయట చూసుకోమన్నాడా లేదా? చూసుకున్నాడు.”

ఈ ముడి నాకు ఎంత నచ్చుతుందో చెప్పలేను. సభలో ఆపిన కోపం ఊరి బయట తీరింది, అన్న మాట జవదాటకుండానే తీరింది. ఇలాంటి అల్లిక పెట్టినవాళ్లని గొప్ప నవలాకారులనక ఇంకేమంటాం?

తెల్లవారుఝాము అయ్యేది ఈపాటికి. శత్రువులు ఆవుల మందల్ని తోలుకుపోయే గోగ్రహణాలూ, రాజకుమారుడు ఉత్తరుడి ప్రగల్భాలూ, బృహన్నల వేషంలోని అర్జునుడు జమ్మిచెట్టు మీంచి గాండీవం దింపడమూ తాతయ్య గబగబా చెప్పేసేవారు. మిగతావాళ్లకి అదే ఇష్టమైన భాగం, ఆయనకి మాత్రం వంటిల్లు దాటాక కథ మీద ఆసక్తి తగ్గేది. పైగా అప్పటికి బూరెల మూకుడు పెట్టే వేళయ్యేది. అజ్ఞాతవాసం ముగిసి, ఎవరు ఎవరో తెలిసి, విరటుడు సిగ్గుపడి, ఉత్తరని అర్జునుడికిస్తానంటాడు. ఏడాదిపాటు నా దగ్గర చదువుకున్న పిల్ల, కూతురిలాంటిది, నా కోడలిగా చేసుకుంటాను అంటాడు అర్జునుడు. ఉపప్లావ్యంలో అభిమన్యుడికీ ఉత్తరకీ పెళ్లి. కృష్ణుడొచ్చాడు, సుభద్ర వచ్చింది, ద్రుపదుడు వచ్చాడు. ఆ పెళ్లిలో వంట ఎవరు చేశారో పుస్తకాల్లో నేను ఎక్కడా చూడలేదు గానీ తాతయ్య భారతంలో మాత్రం వలలుడే చేశాడు. గుట్టు బయటపడ్డాక, రాజకుమారుడని తెలిశాక కూడా, తమ్ముడి కొడుకు పెళ్లికదా అని పంచె ఎగ్గట్టి ఆఖరిసారి గరిటె పట్టాడు. ఆ విందులో పదార్థాలు ఏమిటంటే, ఆ పూట ఏ పెళ్లిలో కూచున్నామో ఆ పెళ్లిలో వండబోయేవే. పనసపొట్టు కూర, కందాబచ్చలి, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు. ఉపప్లావ్యంలో పనసకాయలు దొరుకుతాయా అని నేనెప్పుడూ అడగలేదు.

పెళ్లితో ఆపేసేవారు. పద్మవ్యూహం, కడుపుతో ఉన్న ఉత్తర, ఇవేవీ పెళ్లి పందిట్లో నోటమ్మట రానిచ్చేవారు కాదు. అప్పటికి మేళం వాళ్లు సన్నాయి సవరించుకుంటూ ఉండేవారు. అన్నం గుండిగ మూతికి గుడ్డ కట్టి, కర్రలు దూర్చి నలుగురు పట్టి వంచితే గంజి పొగలు కక్కుతూ కాలవలోకి పోయేది. పరిచిన చాపల మీద తెల్లటి అన్నం రాశిగా పడేది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి తిక్కనని నేనే చదివాను. ద్రౌపది కీచకుణ్ని బెదిరించే “దుర్వారోద్యమ” పద్యం మా తరం వాళ్లకి స్కూల్లోనో రేడియోలోనో చెవినపడిందే. 1963లో వచ్చిన నర్తనశాల చూడనివాళ్లూ తక్కువే. ఎస్వీ రంగారావు గారికి ఆ కీచకుడి వేషానికి జకార్తాలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, భీముడు వేసిన దండమూడి రాజగోపాల్ గారు నిజంగానే బరువులెత్తే వస్తాదు. ఆ సినిమా నాకు ప్రాణం. అయినా పుస్తకంలో చదువుతున్నప్పుడు నాకు వినిపించింది మా తాతయ్య గొంతే. వానలు పడకపోతే ఊళ్లల్లో విరాటపర్వం చదివిస్తారు కదా, మా రామాలయంలో కూడా చదివించేవారు, తాతయ్య ముందు వరసలో కూర్చుని, వంటశాల ఘట్టం రాగానే ముందుకి వంగి వినేవారు.

నలభీమ పాకం అంటారు గానీ నలుడి కథ వేరు. అతనూ బాహుకుడనే పేరుతో దాక్కున్నాడు, అతని వంట రుచి చూసి దమయంతి మొగుణ్ని గుర్తుపట్టింది. ఎంతో అందమైన కథ, కాదనను. వలలుడి కథలో ఏ కూర ఎలా ఉందన్న మాటే పెద్దగా రాదు, అక్కడ వంట అంటే రుచి కాదు, చాకిరీ. మసి, కట్టెలు, నిద్రలేని రాత్రి, కాయలు కాసిన చేతులు. అందుకే కాబోలు మా తాతయ్య నలుణ్ని వదిలేసి భీముణ్ని పట్టుకున్నారు.

తాతయ్య పోయాక జట్టు చెదిరిపోయింది. గ్యాసు బర్నర్లు వచ్చాయి, గ్రైండర్లు వచ్చాయి, కూరలు తరిగే ఆడవాళ్లకి నడుము నొప్పులు తగ్గాయి, అది మంచిదే. అత్త ఇప్పుడు కూతురి దగ్గర రావులపాలెంలో ఉంటోంది, చూపు సరిగా ఆనదు, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. ఆ మధ్య వెళ్లినప్పుడు, తాతయ్య ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటి ఆవిడకి చెప్పాను. వ్యాసభారతం తెలుగు వచనంలో చదువుతుంటే దొరికింది. ఉపకీచకులు చచ్చాక ద్రౌపది ఒంటరిగా ఊళ్లోకి తిరిగొస్తుంది. తన మొగుళ్లు గంధర్వులని చెప్పుకుంది కదా, ఆవిణ్ని చూసి జనం, ఆ గంధర్వులొచ్చి పడతారేమోనని కళ్లు మూసుకుని పారిపోతుంటారు. అలా నడుస్తూ వంటశాల ముందుకి వచ్చేసరికి గుమ్మంలో భీముడు నిలబడివుంటాడు. ఎవరైనా వింటారని పేరు పెట్టి పిలవకూడదు. అందుకని, నన్ను విడిపించిన గంధర్వరాజుకి నమస్కారం అంటుంది మెల్లగా. ఆవిడ మాట వినేవాళ్లు ఆవిడ రుణం తీర్చుకున్నారు అంటాడు అతను. అంతే, ముందుకి వెళ్లిపోతుంది.

అత్త చాలాసేపు ఆలోచించింది.

“వంటింటి గుమ్మందాకా వచ్చిందన్నమాట. మరి ఏమైనా తిందా?”

“పుస్తకంలో లేదత్తా.”

“అదేంటే, రాత్రంతా శ్మశానంలో ఉండి వస్తే ఆ పిల్లకి ఎంత ఆకలేస్తుంది” అంది అత్త. “పెట్టే ఉంటాడులే. చద్దన్నం ఉంటుందిగా, ఇంత పెరుగు కలిపి పెట్టే ఉంటాడు. రాసినాయన చూసుండడు.”